జెండా చాటున దొంగవేట – రాయబారులు నేర్వవలసిన సముద్ర పాఠములు

2001 ఏప్రిల్ నెలలో, జర్మనీ దేశమందలి హాంబర్గు నగరములోని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానము ముందుకు ఒక చేపల ఓడ వ్యాజ్యము వచ్చినది. ఓడ పేరు గ్రాండ్ ప్రిన్స్. హిందూ మహాసముద్రపు దక్షిణపు కొసన, ఫ్రాన్సుకు చెందిన కెర్గెలెన్ దీవుల చెంత అనుమతి లేకుండ చేపలు పట్టినదని 2000 డిసెంబరు 26న ఫ్రెంచి నౌకాదళమువారు దానిని నిర్బంధించినారు. మధ్య అమెరికాలోని బెలీజ్ అను చిన్న దేశము పేర, తగిన జామీను పుచ్చుకొని ఓడను విడిచిపెట్టవలెనని దావా వేయబడినది. ఆనాడు న్యాయస్థానమునకు అధ్యక్షులు మన ఆంధ్రదేశమున జన్మించిన న్యాయకోవిదులు పి. చంద్రశేఖరరావుగారు.

న్యాయమూర్తులకు ఎదురైన మొదటి ప్రశ్న చేపలను గురించినది కాదు. ఈ ఓడ ఏ దేశపుది అన్నదే. బెలీజ్ ఇచ్చిన తాత్కాలిక నమోదు పత్రమునకు, ఓడ పట్టుబడిన మూడు దినములకే గడువు తీరినది. ఓడ నమోదును రద్దు చేయుచున్నామని బెలీజ్ అధికారులు మొదట ఫ్రాన్సుకు తెలిపినారు. పిమ్మట మాట మార్చినారు. దావా వేసిననాటికి బెలీజ్ ఈ ఓడకు జెండా దేశమని రుజువు కాలేదు గనుక వ్యాజ్యమును విచారించు అధికారము తమకు లేదని 12 మంది న్యాయమూర్తులు ఒకవైపున, 9 మంది మరొకవైపున నిలువగా తీర్పు వెలువడినది.

ఓడ కంటికి కనిపించుచున్నది. చేపలు దొరికినవి. కళాసీలు ఉన్నారు. అయినను ఆ ఓడకు జవాబుదారి ఎవరో తేల్చుటకు ఇరువది ఒక్కమంది న్యాయమూర్తులు తర్కించవలసి వచ్చినది. నేటి సముద్రపు దొంగవేటకు ఆయువుపట్టు ఈ చిక్కులోనే ఉన్నది. ఆ ఓడలలో జరుగు వెట్టిచాకిరికి కూడ ఆయువుపట్టు అదే. అందుచేతనే వీటిని అరికట్టు పని ఒక్క నౌకాదళము వలన కాదు. దేశముల నడుమ మాట నడపెడి రాయబారులు ఈ విద్యను నేర్వవలసియున్నది. ఆ అవసరము ఎట్లు కలిగినదో తెలియవలెనన్న, కొంత వెనుకటి చరిత్రను చూడవలెను.

సముద్రము తరగని గనియా?

1609లో హాలెండు దేశపు న్యాయవేత్త గ్రోషియస్ సముద్రము ఎవరి సొత్తును కాదని వాదించినాడు. గాలిని ఎవరు బంధించగలరు? సముద్రమును అట్లే బంధింపజాలము; ఒకరు వాడుకొన్నందున మరొకరికి తక్కువపడదు. ఇది ఆయన తర్కము. తీరమునకు దగ్గరగా ఉన్న కొద్దిపాటి నీటిపైన మాత్రమే రాజ్యమునకు అధికారమని క్రమముగ అంగీకరింపబడినది. ఫిరంగి గుండు పోవునంత దూరమే ఆ హద్దని కొందరన్నారు. అదియే వాడుకలో మూడు మైళ్ళయినది. 1883లో లండనులో జరిగిన అంతర్జాతీయ మత్స్య ప్రదర్శన సందర్భమున, కాడ్ వంటి పెద్ద సముద్రపు చేపలు ఎంత పట్టినను తరగవని థామస్ హక్స్‌లీ వంటి మహాశాస్త్రజ్ఞుడే అభిప్రాయపడినాడు. తెరచాపలతో, చేతివలలతో వేట సాగిన కాలములో అది నమ్మదగినట్లే కనిపించినది.

ఆవిరియంత్రములు, ఆ పిమ్మట డీజిలు యంత్రములు, ఓడలోనే చేపలను గడ్డకట్టించు శీతల యంత్రములు వచ్చినవి. ధ్వని తరంగములతో చేపల గుంపులను వెదకు సాధనములు వచ్చినవి. చేపలు తరిగిపోసాగినవి. 1945లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తమ తీరమునకు ఆవలి సముద్రపు అడుగు వనరుల మీద హక్కును ప్రకటించి, చేపల సంరక్షణకు మండలములు ఏర్పరచుకొందుమన్నాడు. 1947లో చిలీ దేశము 200 మైళ్ళ వరకు హక్కు చాటినది. ఒక్కొక్క దేశము ఒక్కొక్క కొలత పట్టుకొన్నది.

ఈ గందరగోళమునకు ముగింపు తెచ్చినవారు రాయబారులే. 1967 నవంబరు 1న మాల్టా దేశపు రాయబారి ఆర్విడ్ పార్డో ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగము, సముద్రగర్భ సంపద మానవజాతి కంతటికి ఉమ్మడి ఆస్తి కావలెనని కోరినది. 1973 నుండి 1982 వరకు సముద్ర చట్ట మహాసభ సాగినది. దానికి 1980లో మరణించునంతవరకు సింహళ రాయబారి అమరసింఘే, తరువాత సింగపూరు రాయబారి టామీ కో అధ్యక్షత వహించినారు. 1982 డిసెంబరు 10న జమైకాలో 119 ప్రతినిధివర్గములు ఒడంబడికపై సంతకములు చేసినవి. అది 1994లో అమలులోనికి వచ్చినది. 1995లో భారతదేశము దానిని ధ్రువీకరించినది.

దాని ప్రకారము తీరము నుండి 200 సముద్రపు మైళ్ళ వరకు, అనగా సుమారు 370 కిలోమీటర్ల దూరము, ఆ దేశపు ప్రత్యేక ఆర్థిక మండలము. అందలి చేపలపై హక్కు ఆ దేశమునదే. ఆ పైన ఉన్నది నడిసముద్రము. అక్కడ ఓడపై అధికారము, కొన్ని మినహాయింపులతో, ఆ ఓడ ఎగురవేసిన జెండా దేశమునకే చెందును. ఓడకు, జెండాకు నిజమైన సంబంధము ఉండవలెనని ఒడంబడిక చెప్పినది. ఆ సంబంధమనగా ఏమో చెప్పలేదు.

ఈ సందులోనే వ్యాపారము పుట్టినది. కొన్ని చిన్న దేశములు రుసుము పుచ్చుకొని ఎవరి ఓడకైనను తమ జెండా ఇచ్చుచున్నవి. యజమాని ఒక దేశస్థుడు, సరంగు ఇంకొక దేశస్థుడు, కళాసీలు మరియొక దేశస్థులు. ఓడ పట్టుబడినచో మరునాటికి పేరు మారును, జెండా మారును. జెండా ఇచ్చిన దేశమునకు దక్షిణ సముద్రములోని ఓడను తనిఖీ చేయు శక్తియు ఉండదు, ఆసక్తియు ఉండదు.

ఒక చేప కథ

గ్రాండ్ ప్రిన్స్ వెదకుచు పోయిన చేప పటగోనియా పంటిచేప. అది దక్షిణ ధ్రువ ప్రాంతమునకు చేరువనున్న చల్లని నీళ్ళలో, రెండువేల మీటర్ల లోతువరకు తిరుగును. రెండు మీటర్లకు మించి పెరుగగలదు. నూరు కిలోగ్రాముల బరువు తూగగలదు. చేప చెవిలోని సన్నని రాతిని కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో, చెట్టు మానులోని వలయములవంటివి కనిపించును. వాటిని లెక్కించి చేప వయస్సు చెప్పుదురు. ఆ లెక్క ప్రకారము పంటిచేప యాబది యేండ్ల వరకు బ్రతుకగలదు. గ్రుడ్లు పెట్టు ఈడు వచ్చుటకు సుమారు ఎనిమిది, పది సంవత్సరములు పట్టును.

రాయబారికి ఈ జీవశాస్త్రముతో పనియేమని అడుగవచ్చును. పని ఉన్నది. ఏటేట గ్రుడ్లు పెట్టి త్వరగా పెరుగు చేపలను ఒక ఏడు అతిగా పట్టినను, కొన్ని ఏండ్లకు అవి కోలుకొనవచ్చును. పదేండ్లకు గాని తల్లి కాని చేపను అట్లు పట్టినచో ఒక తరమే పోవును. ఒప్పందపు చర్చలు పదేండ్లు సాగినచో, ఆ చర్చ ముగియులోపలనే చేప ముగిసిపోవచ్చును.

1977లో ఒక అమెరికా వర్తకుడు ఈ చేపకు చిలీ సముద్రపు బాస్ అని క్రొత్త పేరు పెట్టినాడు. చిలీ వర్తక చిహ్నము, బాస్ రుచి గల పేరు. అసలు ఈ చేప బాస్ జాతిదే కాదు. కొవ్వుగల తెల్లని మాంసము గనుక ధనిక నగరముల భోజనశాలలలో గిరాకి పెరిగినది. 1990 తరువాత దొంగ ఓడలు వేలకొలది గాలములు కట్టిన పొడవైన తాళ్ళతో దక్షిణ సముద్రములకు ఎగబడినవి. ఆ గాలములకు చేపలే కాదు, ఎరకై వాలిన ఆల్బట్రాస్ పక్షులును చిక్కి చచ్చినవి.

1980లో సంతకమై 1982లో అమలులోనికి వచ్చిన దక్షిణ ధ్రువ జీవసంపద సంరక్షణ ఒడంబడిక అప్పటికే ఉన్నది. అయితే సంతకము చేయని దేశపు జెండా ఎగురవేసిన ఓడకు ఆ కట్టడి వర్తించదు. 2000 సంవత్సరమున ఆ సంఘము ఒక ఉపాయమును అమలులోనికి తెచ్చినది. చేపను ఎక్కడ, ఎప్పుడు, ఏ ఓడ పట్టినదో తెలుపు పత్రము దాని వెంట రేవు నుండి బజారు వరకు నడువవలెను. పత్రము లేని సరుకును సభ్యదేశములు దిగుమతి చేసికొనరాదు. ఓడను పట్టలేనిచోట సరుకు దారిని పట్టుకొన్నారన్నమాట.

హాంబర్గు న్యాయస్థానము ఎదుట ఇదే చేప పలుమారులు నిలిచినది. పనామా జెండా గల కామూకో ఓడకు ఫ్రెంచి న్యాయాధికారులు కోరిన జామీను 2 కోట్ల ఫ్రాంకులు. 2000 ఫిబ్రవరిలో న్యాయస్థానము దానిని 80 లక్షలకు తగ్గించినది. సీషెల్స్ జెండా గల మాంటె కొన్‌ఫుర్కో ఓడకు కోరినది 5 కోట్ల 64 లక్షలు. అదే డిసెంబరులో 1 కోటి 80 లక్షలని నిర్ణయించినారు. ఓడను పట్టుట కష్టము; పట్టిన పిమ్మట నిలుపుకొనుట ఇంకను కష్టము.

ఓడ అడుగున మనుష్యులు

ఇంతవరకు చేపల మాట. ఆ చేపలను పట్టు చేతులెవరివి?

2011 జూన్ నెలలో న్యూజిలాండులోని లిటెల్టన్ రేవులో, ఓయాంగ్ 75 అను కొరియా ఓడ నుండి 32 మంది ఇండొనేషియా కళాసీలు దిగివచ్చి ఒక చర్చిలో తలదాచుకొన్నారు. జీతములు సరిగా ఇయ్యలేదనియు, కొట్టి తిట్టి పని చేయించినారనియు వారి ఫిర్యాదు. వారు పనిచేసిన నీళ్ళు న్యూజిలాండువి. ఓడ న్యూజిలాండు వ్యాపారులు అద్దెకు తెచ్చినది. జెండా మాత్రము వేరు దేశముది. ఆ దేశము విచారణ జరిపి, 2014లో చట్టమును మార్చినది. 2016 మే 1 నుండి తమ నీళ్ళలో చేపలు పట్టు అద్దె ఓడలన్నియు తమ జెండా క్రిందికే రావలెనని, అనగా తమ కార్మిక చట్టముల క్రిందికే రావలెనని శాసించినది.

దొంగవేటకు, వెట్టిచాకిరికి గల సంబంధము ఇక్కడ చక్కగా తెలియును. తీరమునందు చేపలు తరిగినకొలది ఓడ దూరము పోవలెను. దూరము పోయినకొలది నూనె ఖర్చు పెరుగును. నూనె వర్తకుడు అప్పు మాఫీ చేయడు. యంత్రము జీతము తగ్గించుకొనదు. తగ్గించుటకు వీలైనది మనిషి కూలి ఒక్కటే. ఇక నడిసముద్రములోనే మోతఓడ వచ్చి చేపలను ఎక్కించుకొని, నూనెను, బియ్యమును దించిపోవును. అందువలన వేట ఓడ రేవుకు రావలసిన పనిలేదు. చేపల లెక్క చూచువారికి ఓడ చిక్కదు; పారిపోదలచిన కళాసీకి నేల చిక్కదు. ఒకే తెర రెండు నేరములను కప్పుచున్నది.

బలవంతపు చాకిరిని నిషేధించు అంతర్జాతీయ ఒడంబడిక 1930 నాటికే ఉన్నది. శిక్ష చూపి బెదరించి, ఇష్టము లేనివానిచే చేయించు పనియే బలవంతపు చాకిరి అని దాని నిర్వచనము. సముద్ర చట్టము ప్రకారము బానిసల వ్యాపారము చేయుచున్నదని అనుమానము కలిగినచో ఏ దేశపు యుద్ధనౌకయైనను నడిసముద్రములో ఓడనెక్కి చూడవచ్చును. కాని అప్పుపత్రమునకు కట్టుబడి, గుర్తింపు కాగితములు సరంగు పెట్టెలో ఉండి, జీతము లేక పనిచేయు కళాసీ ఆ మాట పరిధిలోనికి వచ్చునా అన్నచో, న్యాయవేత్తలలో ఏకాభిప్రాయము లేదు. సంకెల కనిపించదు గదా! 2022లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రకటించిన అంచనా ప్రకారము, చేపలవేటలో బలవంతపు చాకిరిలో చిక్కినవారు కనీసము 1,28,000 మంది.

2015 ఏప్రిల్: ఒక వారము

2015 ఏప్రిల్ మొదటి వారములో మూడు సంగతులు జరిగినవి. విడివిడిగా జరిగినను అవి మూడును ఒకే కథలోనివి.

ఏప్రిల్ 2న హాంబర్గు న్యాయస్థానము ఒక సలహా తీర్పు నిచ్చినది. పశ్చిమాఫ్రికాలోని ఏడు దేశముల మత్స్య సంఘము, తమ నీళ్ళలో విదేశపు ఓడలు దొంగవేట సాగించినచో జెండా దేశము బాధ్యత ఏమని అడిగినది. తన జెండా గల ఓడలు అట్టి పని చేయకుండ తగిన శ్రద్ధ వహించుట జెండా దేశపు విధి యనియు, ఆ శ్రద్ధ చూపనిచో అది బాధ్యత వహించవలెననియు న్యాయస్థానము చెప్పినది. జెండా అద్దెకిచ్చి చేతులు కడుగుకొనుటకు వీలులేదన్నమాట.

ఏప్రిల్ 3న ఇండొనేషియా అధికారులు ఆరూ దీవులలోని బెంజినా అను చోటికి పోయినారు. మయన్మారు, కంబోడియా, లావోసు దేశముల మనుష్యులు అక్కడి ఓడలలో వెట్టికి చిక్కియున్నారని అంతకు ముందు నెలలో అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరులు బయటపెట్టినారు. కొందరిని బోనులో బంధించియుండగా వారు కన్నులార చూచినారు. అక్కడి చేపను ఎక్కించుకొన్న మోతఓడను కృత్రిమ ఉపగ్రహ సంకేతముల ద్వారా థాయిలాండు వరకు వెంబడించినారు. ఆ దినమున మూడువందల మందికి పైగా ఆ దీవిని విడిచిపోగలిగినారు. ఆ వార్తల ఫలితముగా విడుదలయినవారు మొత్తము రెండువేల మందికి పైబడినారు. 2016లో ఆ విలేఖరులకు పులిట్జర్ బహుమానము లభించినది.

ఏప్రిల్ 6న, పంటిచేపల దొంగవేటకు పేరుపడిన థండర్ అను ఓడ ఆఫ్రికా ఖండపు సావో టోమె దీవుల చెంత మునిగినది. 2013 డిసెంబరులోనే ఇంటర్‌పోల్ దానిని గూర్చి దేశములను హెచ్చరించినది. అయినను దానిని 110 దినములు, పదివేల సముద్రపు మైళ్ళకు పైగా వెంటాడినది ఏ ప్రభుత్వపు నౌకయు కాదు. సీ షెపర్డ్ అను స్వచ్ఛంద సంఘపు ఓడ. వెంటాడుచుండగానే నైజీరియా దాని నమోదును రద్దు చేసినది. థండరును దానిలోనివారే ముంచినారని చూపు గుర్తులు పెక్కు కనిపించినవి; లోపలి తలుపులు మూసుకొనకుండ కట్టబడియున్నవి. ఓడలోని 40 మందిని రక్షించినది వెంటాడిన వారే. తరువాత సావో టోమె న్యాయస్థానము సరంగును, మరి ఇద్దరిని శిక్షించి, కోటిన్నర యూరోలకు పైగా జరిమానా విధించినది. చిన్న ద్వీపదేశము చేసిన ఈ పని పెద్ద దేశములకును ఆదర్శము కాదగినది.

రేవు అను ఉచ్చు

నడిసముద్రము విశాలము. ఓడకు సంకేత యంత్రమును ఆపివేయు వీలు కలదు. ఎప్పటికైనను అది రేవుకు రాక తప్పదు. ఈ సామాన్యమైన సత్యమే క్రొత్త ఒడంబడికలకు పునాది. 2009లో ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యమున కుదిరి 2016 జూన్ 5న అమలులోనికి వచ్చిన ఒప్పందము ప్రకారము, దొంగవేట చేసిన విదేశపు ఓడకు రేవు దేశము సరుకు దించుకొననీయరాదు, నూనె పోయరాదు. అంతకు రెండేండ్ల ముందు, 2007లో, అంతర్జాతీయ కార్మిక సంస్థ చేపలవేట కార్మికులకై ప్రత్యేక ఒడంబడిక చేసినది. వ్రాతపూర్వకమైన పని ఒప్పందము, తగిన విశ్రాంతి, స్వదేశమునకు తిరిగిపోవు హక్కు అందలి ముఖ్యాంశములు. అది 2017 నవంబరు 16న అమలులోనికి వచ్చినది. మరుసటి సంవత్సరమే దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ రేవులో, పడకలు, తిండి, రక్షణ సాధనములు సరిగా లేవని ఒక చేపల ఓడను ఆ ఒడంబడిక క్రింద నిలిపివేసినారు. ప్రపంచమున అదియే మొదటిది.

బజారు కూడ ఉచ్చు కాగలదు. 2015 ఏప్రిల్ 21న ఐరోపా సంఘము థాయిలాండుకు పసుపు చీటీ చూపినది. దొంగవేటను అదుపుచేయనిచో చేపలు కొనమని దాని భావము. థాయిలాండు చట్టములు మార్చుకొన్నది. 2019 జనవరిలో ఆ చీటీ తొలగినది. అదే నెలలో, ఆసియా ఖండమున అందరికంటె ముందుగా, థాయిలాండు కార్మిక ఒడంబడికను ధ్రువీకరించినది.

ఇందులో ఒక లోపము దాగియున్నది. చేపల ఒప్పందము ఒక సంస్థది, కార్మికుల ఒప్పందము ఇంకొక సంస్థది. ఒక తనిఖీదారు గోదాములోని చేపలు తూచి పోవును. ఇంకొకడు రానే రాకపోవచ్చును. ఓడ ఒక్కటే, నేరము ఒక్కటే, కాగితములు మాత్రము రెండు కార్యాలయములలో నిద్రించుచున్నవి. వీటిని కలుపగలవాడు ఎవరు?

రాయబారి చదువు

రాయబారి అనగా విందులలో మాటలాడువాడని కొందరి తలపు. విదేశపు రేవులో పారిపోయి వచ్చిన కళాసీ మొదట తలుపు తట్టునది తన దేశపు కాన్సలు కార్యాలయమునే. ఓడ జెండా నిజమో కాదో విచారించుచు మరియొక ప్రభుత్వమునకు లేఖ వ్రాయువాడు అతడే. ఒడంబడికలో ఒక్క మాట చేర్చుటకు రాత్రులు వాదించువాడును అతడే. గ్రాండ్ ప్రిన్స్ విషయమున బెలీజ్ నుండి ఫ్రాన్సుకు చేరిన లేఖల తేదీలే వ్యాజ్యపు ఫలితమును నిర్ణయించినవని మరువరాదు.

ఇట్టి శిక్షణకు పునాదులు ఉన్నవి. అమరసింఘే స్మారకముగ 1981లో ఐక్యరాజ్యసమితి క్రింద ఒక విద్యావేతనము ఏర్పడినది. 1983లో స్వీడనులోని మాల్మో నగరమున ప్రపంచ నౌకా విశ్వవిద్యాలయము, 1988లో మాల్టాలో అంతర్జాతీయ సముద్ర న్యాయ విద్యాలయము నెలకొన్నవి. 2004 నుండి జపానుకు చెందిన నిప్పాన్ ఫౌండేషన్ సహాయముతో అభివృద్ధి చెందుచున్న దేశముల అధికారులు ఐక్యరాజ్యసమితి చెంత సముద్ర చట్టమును అభ్యసించుచున్నారు. వీనిలో చట్టము బాగుగా బోధింపబడుచున్నది. దానికి తోడు నాలుగు చదువులు కావలెనని నా అభిప్రాయము.

మొదటిది చేపను చదువుట. ఏ చేప ఎన్నేండ్లకు పెరుగునో తెలిసినవాడే ఎంత పట్టవచ్చునన్న వాదములో మోసపోకుండును. రెండవది ఓడను చదువుట. సంకేతము ఎక్కడ ఆగినది, ఎన్ని దినములకు తిరిగి వచ్చినది, ఆ నడుమ ఏ మోతఓడ దాని చెంత నిలిచినది అను సంగతులు ఉపగ్రహ పటముపై చూడ నేర్వవలెను. మూడవది కాగితము చదువుట. పేరు మారినను మారని గుర్తింపు సంఖ్య ఏది, నమోదు ఎన్నడు తీరినది, అసలు యజమాని ఎవరు అని వెదకవలెను. నాలుగవది, అన్నిటికంటె కష్టమైనది, మనిషిని చదువుట. సరంగు ఎదుట నిలువబెట్టి నీకు ఏమైన కష్టమున్నదా అని అడిగినచో ఏ కళాసీయు నోరు విప్పడు. అతనిని వేరుగా కూర్చుండబెట్టి, అతని భాషలో, నీ గుర్తింపు కాగితము ఎవరివద్ద ఉన్నది, కడపట జీతము ఎన్నడు అందినది, కడపట నేలమీద అడుగు ఎన్నడు పెట్టితివి అని అడుగవలెను. ఈ మూడు ప్రశ్నలకు వచ్చిన జవాబులు తక్కిన పత్రములన్నిటికంటె ఎక్కువ చెప్పును.

ఇది దూరదేశపు సంగతి అని మనము ఊరకుండరాదు. ఉత్తరాంధ్ర తీరపు మత్స్యకారులు బ్రతుకుతెరువునకై గుజరాతు రేవులకు పోయి మరబోట్లలో పనిచేయుచుందురు. అట్లు పోయినవారిలో కొందరు 2018 నవంబరులో పాకిస్తాను అధికారులకు చిక్కినారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా వద్ద మన నేలపై అడుగుపెట్టినారు. వారు దొంగవేటగాండ్రు కారు. నీటిమీద గీత కనిపించక దాటినవారు. ప్రత్యేక ఆర్థిక మండలములో చేపలవేట నేరమునకు, దేశముల నడుమ వేరు ఒప్పందము లేనిచో, చెరసాల శిక్ష విధింపరాదని సముద్ర చట్టము చెప్పుచున్నది. కొల్లగొట్టు యజమానిని, కూలికి పోయిన కళాసీని ఒకే త్రాసున తూచరాదన్నదే దాని అంతరార్థము.

సముద్రము తరగదని గ్రోషియస్ కాలమున అనుకొన్నారు. తరుగునని శాస్త్రము చూపినది. సముద్రముపై చట్టము నడువదని నిన్నటివరకు అనుకొన్నారు. రేవులో, బజారులో, కాన్సలు గుమ్మములో నడుచునని ఈ పాతిక సంవత్సరముల చరిత్ర చూపినది. ఆ గుమ్మములో కూర్చున్న అధికారికి, తలుపు తట్టి నిలిచిన మనిషి ముఖమును, అతడు వచ్చిన ఓడ కథను చదువ వచ్చునో రాదో, ఆ ఒక్క సంగతి మీద ఒక్కొక్కప్పుడు ఒక ప్రాణము ఆధారపడియుండును.